కోరిక తగ్గిందనుకునే ముందు తలుపు గడియ చూడండి

మా పెళ్లయిన ఆరో ఏడు. హన్మకొండలో రెండు గదుల అద్దె ఇల్లు. హాల్లో అత్తమ్మ, మామయ్య, వాళ్ల నడుమ మా నాలుగేళ్ల పాప పడుకునేవాళ్లు. లోపలి గదిలో మేమిద్దరం. ఆ గది తలుపు బందులు వదులై కిందికి జారింది. గడియ, దాని కన్నం ఎదురెదురుగా రావు. ఒక చేత్తో తలుపును పైకెత్తిపట్టి, ఇంకో అరచేత్తో గడియను కొట్టాలి. ఆ చప్పుడు హాలు దాటి వంటింటి దాకా వినిపిస్తుంది. వేయకుండా వదిలేస్తే ఫ్యాను గాలికే తలుపు జానెడు తెరుచుకుంటుంది.

నాలో కోరికే చచ్చిపోయిందని అనుకున్నాను. మా ఆయనేమో తన మీద నాకు ఇష్టం పోయిందనుకున్నాడు. రెండేళ్లు ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. ఒక ఆదివారం వంటింటి అల్మారా పనికి వడ్లాయన వస్తే, అదే చేత్తో ఆ తలుపు బందులు బిగించి లోపలి వైపు కొత్త గడియ వేసి పోయాడు. ఆ రాత్రి గడియ పెడితే చప్పుడు రాలేదు. ఆ రాత్రి మా మధ్య ఏమీ జరగలేదు, నిద్రపోయాం. కానీ పడుకున్నాక నా భుజాలు వదులైనట్టు అనిపించింది. రెండేళ్లుగా రోజూ రాత్రి నా చెవులు ఆ తలుపు దగ్గరే ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది.

కోరిక తగ్గిందని తమను తాము తిట్టుకునే వాళ్ల కోసం, జతగాళ్లను తిట్టే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వరుసగా చేసుకుంటూ పోవాల్సిన పనులివి. తొందరేం లేదు, మూడు నెలలు పెట్టుకోండి.

ముందు ఒంటి సంగతి తేల్చుకోండి

కోరిక తగ్గడానికి ఒంట్లో కారణాలు ఉండొచ్చు. థైరాయిడ్ తక్కువగా పనిచేయడం, షుగర్, రక్తం తక్కువగా ఉండడం, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరగడం, మగవాళ్లలో టెస్టోస్టెరాన్ తగ్గడం అలాంటివి. డిప్రెషన్‌కు వాడే మందుల్లో కొన్ని, బీపీ మందుల్లో కొన్ని కూడా కోరికను తగ్గిస్తాయి. అనుమానం వచ్చిందని మందు మీరే మానేయకండి. ఇచ్చిన డాక్టర్‌కు చెప్తే మోతాదో, మందో మారుస్తారు.

పాలిచ్చే తల్లులకు, నెలసరి ఆగిపోయే వయసు వాళ్లకు ఈస్ట్రోజన్ తగ్గి లోపల పొడిబారుతుంది. నొప్పి వచ్చే పనిని ఒళ్లు కోరుకోదు. మెడికల్ షాపులో నీళ్లతో చేసిన జెల్ దొరుకుతుంది, అడగడానికి సిగ్గుపడొద్దు. కండోమ్ వాడేవాళ్లు కొబ్బరినూనె లాంటివి రాయకూడదు, నూనె తగిలితే రబ్బరు బలహీనపడి చినుగుతుంది. కొందరు ఆడవాళ్లకు కలిసే వేళకు లోపలి కండరాలు వాటంతటవే బిగుసుకుపోతాయి. దాన్ని మొండితనం అనుకుని ఏళ్లకేళ్లు కొట్లాడుకున్న ఇళ్లున్నాయి. దానికి వెజినిస్మస్ అని పేరుంది, చికిత్స కూడా ఉంది. గైనకాలజిస్టుకు చూపించుకోండి.

మగవాళ్లకు ఒక మాట. అంగస్తంభన సమస్య కొన్నిసార్లు గుండె జబ్బుకు ముందు కనిపించే గుర్తు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. గోడల మీద రాతలు చూసి పేరు తెలియని పొడులు, గుళికలు కొనొద్దు. అలాంటి వాటిలో సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) కలిపి అమ్మడం ఎన్నోసార్లు పట్టుబడింది. గుండె నొప్పికి నైట్రేట్ మాత్రలు వాడే మనిషి అది మింగితే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికొస్తుంది.

భయం ఉంటే ఇక్కడే ఆగండి

కొట్టడం, తాగొచ్చి బలవంతం చేయడం, "కాదంటే పుట్టింటికి పంపిస్తా" అని బెదిరించడం ఉన్న ఇంట్లో కింద చెప్పే పనులు మీ కోసం కాదు. అక్కడ కోరిక లేకపోవడం మీ లోపం కాదు. మీ ఒళ్లు మిమ్మల్ని కాపాడుకుంటోంది, అంతే. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం లైంగిక హింసను కూడా హింసగానే లెక్కిస్తుంది. 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, లేదా హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే మీ జిల్లా సఖి కేంద్రానికి వెళ్లండి. మనసు బాగా లేకపోతే టెలీమానస్ అనే ప్రభుత్వ ఫోన్ నంబరు 14416 ఉంది. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఎక్సలేటర్ ఒక్కటే చూడకండి

ఆరోగ్యం సరే, భయమూ లేదు, అయినా మనసు రావడం లేదు. అప్పుడు ఈ సంగతి తెలుసుకోవాలి. అమెరికాలో ఇండియానా యూనివర్సిటీలోని కిన్సీ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన జాన్ బాంక్రాఫ్ట్, ఎరిక్ జాన్సెన్ 1990ల్లో ఒక లెక్క చెప్పారు. కోరికకు మెదడులో రెండు ఏర్పాట్లు ఉంటాయి. ఒకటి ముందుకు నెట్టేది, రెండోది ఆపేది. బండికి ఎక్సలేటర్, బ్రేకు ఉన్నట్టు. ఎవరి ఎక్సలేటర్ ఎంత మెత్తన, ఎవరి బ్రేకు ఎంత గట్టి అన్నది మనిషి మనిషికీ మారుతుంది.

మనవాళ్లు చేసే పొరపాటు ఇక్కడే. కోరిక లేదనగానే ఎక్సలేటర్ తిప్పుతారు. మల్లెపూలు, సెంటు, కొత్త నైటీ, లక్నవరం ట్రిప్పు. ఇవి చెడ్డవని అనను. కానీ వెనక చక్రం బ్రేకు పట్టేసి ఉంటే ఎంత తిప్పినా బండి వేడెక్కుతుంది తప్ప కదలదు. నా బ్రేకు ఆ గడియ. ఇంకొకరికి ఈఎంఐ కావచ్చు, గర్భం వస్తుందన్న భయం కావచ్చు, మధ్యాహ్నం విన్న ఒక్క మాట కావచ్చు.

ఈ బ్రేకు మనం కావాలని వేసేది కాదు. భయం, టెన్షన్ ఉన్నప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరిగి రక్తనాళాలు బిగుసుకుంటాయి. అంగస్తంభనకు వదులవ్వాల్సింది అవే రక్తనాళాలు. అందుకే "ఈ రోజైనా సరిగ్గా అవుతుందా" అని లెక్క చూసుకునే మగవాడికి ఆ లెక్కే అడ్డం పడుతుంది. అతన్ని మాటలతో పొడిస్తే రేపు ఇంకా కష్టమవుతుంది.

పదిహేను రోజులు రాసి చూడండి

చెరో చిన్న నోట్‌బుక్ తీసుకోండి. పిల్లల పాత రఫ్ నోట్‌బుక్ చాలు. రోజూ పడుకునే ముందు నాలుగు ముక్కలు రాయండి: రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు, ఇంట్లో ఎవరెవరున్నారు, పగలు మనసుకు తగిలిన మాట ఏది, దగ్గరవ్వాలన్న ఊహ ఒక్క క్షణమైనా వచ్చిందా, వస్తే అప్పుడు చుట్టూ ఏముంది. మార్కులు వేసుకోవద్దు. ఒకరిది ఒకరు చూడొద్దు, పదిహేనో రోజున ఎవరికి వారే చదివి వినిపించాలి. చెప్పొద్దనుకున్నది దాచుకునే హక్కు ఇద్దరికీ ఉండాలి.

మేం రాసింది మార్చిలో, నడి మిర్చి సీజన్‌లో. మా ఆయన ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమస్తా. ఇంటికొచ్చేసరికి రాత్రి పది. చొక్కా విప్పితే గదంతా ఘాటు, ఇద్దరికీ దగ్గు. స్నానం చేసి వచ్చేసరికి నేను సగం నిద్రలో ఉంటాను. ఆయన నోట్‌బుక్‌లో పన్నెండు రోజులు "నిద్ర ఐదు గంటలు" అని ఉంది. నా దాంట్లో ఊహ వచ్చిందని రాసిన రోజులు మూడు. ఒకటి, పుట్టింట్లో రెండు రోజులు ఉండి వచ్చిన మర్నాడు. ఇంకొకటి, ఆయన చెప్పకుండానే అంట్లు తోమి పెట్టిన రాత్రి. మూడోది ఇద్దరికీ కలిసింది: వాన పడి మార్కెట్‌లో బేరాలు ఆగిన రోజు మధ్యాహ్నం, మిర్చి బజ్జీలు తింటూ గడప మీద కూర్చున్నామని ఇద్దరం రాసుకున్నాం. ఆ రోజు ఇంట్లో ఎవరూ లేరని ఆయన రాశాడు. నేను అది రాయనే లేదు, కానీ నాకూ అదే కారణం.

నిద్రను చిన్నచూపు చూడకండి. 2015లో అమెరికాలో 171 మంది అమ్మాయిలను రెండు వారాలు గమనించారు. ఒక గంట ఎక్కువ నిద్రపోయిన మర్నాడు జతగాడితో దగ్గరయ్యే అవకాశం 14 శాతం పెరిగింది. మన దగ్గర సింగరేణిలో నైట్ షిఫ్ట్ చేసి వచ్చే వాళ్ల ఇళ్లలో ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ వారం కోరిక లేదంటే నిద్ర లేదనే అర్థం. దాన్ని ఆ వారానికే వదిలేయండి.

వచ్చే దారులు రెండు

కొందరికి కోరిక దానంతటదే వస్తుంది, బస్సులో కూర్చున్నా వస్తుంది. ఇంకొందరికి ముందు హాయి, తర్వాత కోరిక. పక్కన కూర్చుని, నాలుగు మాటలు మాట్లాడి, తల నిమిరి, ఒళ్లు కుదుటపడ్డాక అప్పుడు మెల్లగా మొదలవుతుంది. కెనడా డాక్టర్ రోజ్‌మేరీ బాసన్ 2000లో ఈ రెండో దారిని వివరంగా రాశారు. చాలాకాలం కలిసున్న ఆడవాళ్లలో ఇది మామూలేనని ఆమె చెప్పింది. మగవాళ్లలోనూ ఇలాంటి వాళ్లున్నారు, బయటికి చెప్పరు.

ఇది తెలియక జరిగే నష్టం పెద్దది. "నీకై నువ్వు ఒక్కరోజన్నా దగ్గరికి వచ్చినవా?" అన్న ప్రశ్న మా ఇంట్లో కూడా వచ్చింది. నాకు జవాబు లేదు. నాది రెండో దారి అని తెలిశాకే చెప్పగలిగాను: "నేను రాను అనుకోకు. నాకు మొదలు కావడానికి టైం పడ్తది."

ఒక్క జాగ్రత్త. "మొదలుపెడితే తర్వాత కోరిక వస్తుందట కదా" అని ఇష్టం లేని మనిషిని లాగడానికి ఈ మాటను వాడుకోవద్దు. రెండో దారి హాయితో మొదలవుతుంది, బలవంతంతో కాదు.

గదిని, రోజును సర్దండి

నోట్‌బుక్‌లో కనిపించిన బ్రేకుల్లో డబ్బుతో, సుత్తితో పోయేవి ముందు తీసేయండి. గడియ, కిటికీ పరదా, కిర్రుమనే మంచం. చప్పుడు బయటికి పోతుందని భయమైతే కూలరో, పాత టేబుల్ ఫ్యానో తలుపు వైపు పెట్టండి. ఫోన్లు హాల్లో చార్జింగ్ పెట్టండి. పిల్లలకు వేరే పక్క అలవాటు చేయండి, నానమ్మ దగ్గరైనా సరే. గర్భం భయం ఉంటే ఏ పద్ధతి మీకు సరిపోతుందో ఇద్దరూ కలిసి వెళ్లి డాక్టర్‌ను అడగండి. ఆ భారం ఆమె ఒక్కదాని నెత్తిన పెడితే బ్రేకు అక్కడే ఉంటుంది.

తర్వాత పనులు. పొద్దున ఐదింటికి లేచి, టిఫిన్ డబ్బాలు కట్టి, ఉద్యోగమో బీడీల పనో చేసి, రాత్రి అంట్లు తోమి పక్కెక్కే మనిషికి ఆ పక్క ఇంకో డ్యూటీలా కనిపిస్తుంది. ఒక పని పూర్తిగా తీసుకోండి. "చెప్తే చేస్తా కదా" అనకండి, చెప్పడం కూడా ఒక పనే.

మాట ఎక్కడ మాట్లాడాలి

పక్క మీద మాట్లాడకండి. అక్కడ ఏ మాటైనా ఫిర్యాదులా వినిపిస్తుంది. బండి మీద వెళ్తూ, చెరువు కట్ట మీద నడుస్తూ మాట్లాడండి. ఇద్దరి కళ్లూ ముందుకు చూస్తుంటే కష్టమైన మాట సులువుగా వస్తుంది.

మా సంగతే చెప్తాను. చుట్టాల పెళ్లిలో భోజనాల బంతిలో నేను కూర్చోబోతుంటే మా ఆయన "మా ఆమెకు రెండు కుర్చీలు వెయ్యుండ్రి" అన్నాడు. వదినలు, మరదళ్లు అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి నుంచి ఎనిమిది నెలలు నేను లైటు ఆర్పకుండా చీర మార్చుకోలేదు. ఆయనకు అది గుర్తే లేదు. ఒక సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తుంటే చెప్పాను.

"నీతోని ఒక మాట చెప్పాలె. కోపం తెచ్చుకోకు."

"ఏందే, చెప్పు."

"ఆ పెండ్ల రెండు కుర్చీలు అన్నవు సూడు. అప్పటి సంది నువ్వు నా దిక్కు చూస్తే అదే యాదికొస్తుంది."

చాలా దూరం మాట్లాడకుండా నడిచాడు. తర్వాత, "నవ్విద్దామని అన్న. ఇన్ని దినాలు మోసినవా?" అన్నాడు. అంతే. నేనట్ల అనలేదనలేదు, నువ్వు గోరంత దాన్ని కొండంత చేస్తున్నవనలేదు. ఆ నడకలో నాకు సగం బరువు దిగింది. మిగతా సగం ఆయన తర్వాత చేసిన పనితో దిగింది. దసరాకు అదే వదినలు ఇంటికొస్తే, వాళ్ల ముందే "ఆ రోజు నేను అట్ల అనకుండ ఉండాల్సింది" అన్నాడు. నలుగురిలో అన్న మాటకు గదిలో చెప్పిన సారీ సరిపోదు. ఆ నలుగురిలోనే చెప్పాలి.

మీరు చెప్పేటప్పుడు ఒక్క సంగతే ఎత్తండి, ఎప్పుడు ఎక్కడ జరిగిందో చెప్పి, దాని వల్ల మీకేమైందో చెప్పి ఆపేయండి. "మీరు ఎప్పుడూ ఇంతే" అంటే ఎదుటి మనిషి వినడం మానేసి వాదన వెతుక్కుంటాడు. వినేవాళ్లు చేయాల్సింది ఇంకా కష్టం: సమర్థించుకోకుండా ఆ మాటను మళ్లీ తమ నోటితో చెప్పడం. "నేను నవ్వినప్పుడు నీకు సిగ్గనిపించింది, అంతేనా?"

వద్దంటే ఏమవుతుంది?

ఈ ప్రశ్నకు మీ ఇంట్లో జవాబు ఏమిటో చూసుకోండి. వద్దంటే రెండు రోజులు మాటలుండవా? అటు తిరిగి పడుకుంటారా? పొద్దున చాయ్ గ్లాసు చప్పుడు చేస్తూ పెడతారా? అయితే "సరే" అన్న మాటకు కూడా విలువ లేదు, అది గొడవ తప్పించుకోవడానికి చెప్పింది. అలాంటి సరేలు పది కూడితే, చేయి భుజం మీద పడగానే ఒళ్లు బిగుసుకుంటుంది. అప్పుడు ఉత్త ముద్దును కూడా దూరం పెడతారు, అది ఎక్కడికి పోతుందో తెలుసు కాబట్టి.

దీనికి మందు ఉంది. మాస్టర్స్, జాన్సన్ అనే ఇద్దరు అమెరికాలో జంటలకు చికిత్స చేస్తూ 1970లో ప్రచురించిన పద్ధతి, ఇప్పటికీ సెక్స్ థెరపిస్టులు వాడుతున్నారు. కలయికను కొన్ని వారాల పాటు ఇద్దరూ ఒప్పుకుని పక్కన పెట్టేస్తారు. వారంలో రెండుసార్లు, ఇరవై నిమిషాలు, ఒకరినొకరు తాకడం మాత్రమే. మొదటి వారాల్లో చేతులు, వీపు, తల, పాదాలు. ఒకరు తాకుతుంటే ఇంకొకరు చెప్పేది రెండే: ఇక్కడ హాయిగా ఉంది, ఇక్కడ వద్దు. వద్దన్న చోట చేయి తీసేయాలి, ఎందుకని అడగకూడదు. మనసు కలిగినా ఆ రోజుకు ఆగాల్సిందే. మాట మీద నిలబడితేనే రేపు ఆ చేయిని నమ్ముతారు. ఒళ్లు బిగుసుకోవడం మానిందని ఇద్దరికీ అనిపించాక, ఎవరికి కష్టంగా ఉంటుందో వాళ్లు చెప్పిన వేగంతో ముందుకు వెళ్లండి.

వద్దని చెప్పేవాళ్లు కూడా ఒక పని చేయాలి. వీలైతే ఇంకోటి ఇవ్వండి. "ఈ రోజు కాదు, కానీ ఇటు వచ్చి పడుకో" అన్నా చాలు. వద్దన్నది ఆ పనిని, తనను కాదని ఎదుటి మనిషికి తెలుస్తుంది.

ఛుట్టీ మీద వచ్చిన మనిషి ఉన్న ఇల్లు

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఇళ్ల కోసం ఇది వేరుగా రాయాలి. రెండేళ్లకోసారి గల్ఫ్ నుంచి నలభై రోజులో రెండు నెలలో ఛుట్టీ మీద వస్తాడు. ఇంటి నిండా చుట్టాలు, బ్యాగులు విప్పే సందడి, అప్పుల లెక్కలు. మొదటి రాత్రే అంతా మామూలుగా జరగాలని ఇద్దరి మీదా బరువు. రెండేళ్లు ఒక్కతే పక్క మీద పడుకున్న ఆమెకు ఆ రాత్రి అతను సగం కొత్త మనిషి. అతనికీ అంతే, క్యాంపులో ఆరుగురితో ఒకే గదిలో పడుకుని వచ్చాడు.

ఛుట్టీకి నెల ముందు నుంచే ఫోన్‌లో డబ్బు, పిల్లల చదువు కాకుండా వేరే మాటలు మొదలుపెట్టండి. మొదటి మూడు నాలుగు రోజులు కలయిక ఊసు లేదని ముందే ఫోన్‌లో ఒప్పుకోండి, వచ్చాక ఇద్దరికీ తేలిగ్గా ఉంటుంది. చుట్టాలను చూసి రావడం రెండో వారానికి పెట్టుకోండి. పిల్లలు తండ్రి చంక దిగకపోయినా, ఆమె మాట తక్కువగా ఉన్నా కంగారుపడకండి. ఆమె ఇన్నాళ్లు ఒక్కతే నడిపిన ఇంట్లో ఏది ఎక్కడుందో మొదటి వారం అడిగి తెలుసుకోండి, మార్చకండి.

మూడు నెలలు ఇవన్నీ చేసినా దూరం తగ్గకపోతే వరంగల్ ఎంజీఎం లాంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి ఇద్దరూ కలిసి వెళ్లండి. సమస్య చెప్పలేకపోతే ఆ పదిహేను రోజుల నోట్‌బుక్ తీసి డాక్టర్ చేతికివ్వండి.